పంది మాంసాన్ని ఆరోగ్యానికి సరిపడేలా తినడం: కొనే దగ్గర నుంచి కంచం దాకా

పంది మాంసం ఒంటికి మంచిదేనా అంటే అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేం. ఆ ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని పదార్థాలున్నాయి. వెన్నెముక లోపలి వైపు పొడుగ్గా ఉండే మెత్తటి కండను టెండర్‌లాయిన్ అంటారు. కొవ్వు తీసి కాల్చాక అందులో 100 గ్రాములకు సుమారు 143 కేలరీలు, 26 గ్రాముల ప్రొటీన్, 3.5 గ్రాముల కొవ్వు ఉంటాయి. అదే జంతువు పొట్ట భాగం తీసుకుంటే పచ్చి మాంసం 100 గ్రాముల్లో దాదాపు 520 కేలరీలు, 53 గ్రాముల కొవ్వు ఉంటాయి, ప్రొటీన్ మాత్రం 9 గ్రాములే. మొదటిది తోలు తీసిన కోడి రొమ్ము కండకు సాటి వస్తుంది. రెండోదాన్ని మాంసం ఖాతాలో కాక కొవ్వు ఖాతాలో రాసుకోవాలి.

అందుకే తేల్చుకోవలసినవి నాలుగు: తాజాదా నిల్వదా, ఏ భాగం, వారానికి ఎంత, ఎలా వండాలి. మొదటిదాని మీద తీసుకునే నిర్ణయమే అన్నిటికన్నా ఎక్కువ తేడా తెస్తుంది కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

1. నిల్వ మాంసాన్ని పక్కన పెట్టండి

బేకన్, హామ్, సాసేజ్, సలామీ వంటివి ఉప్పు, నైట్రైట్ (మాంసం చెడకుండా కలిపే రసాయనం) పట్టించి, పొగబెట్టి లేదా పులియబెట్టి చేసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో వీటిని 'క్యాన్సర్ కారకం' అని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాముల నిల్వ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. తాజా ఎర్ర మాంసాన్ని మాత్రం 'బహుశా కారకం' అనే రెండో వర్గంలో ఉంచింది. శాస్త్రపరంగా పందిది కూడా ఎర్ర మాంసమే. వండాక తెల్లగా కనిపిస్తుంది కదా అని దాన్ని కోడి, చేపలతో కలిపి లెక్కవేయకూడదు.

ఈ అంకెను సరిగా అర్థం చేసుకోవాలి. మొదటి వర్గం అంటే రుజువు గట్టిదని అర్థం. అదే వర్గంలో ఉన్న పొగాకుకూ దీనికీ ముప్పు సమానమని కాదు. 100 మందిలో 5 గురికి వచ్చే జబ్బు అనుకుంటే, 18 శాతం పెరిగితే అది దాదాపు 6 గురికి వస్తుంది. మనిషికి చిన్న తేడాలా అనిపిస్తుంది, కానీ రోజూ ఉదయం రెండు మూడు బేకన్ ముక్కలు తినే అలవాటు ఏళ్ల తరబడి సాగితే పట్టించుకోక తప్పని ముప్పే.

ఇలా జరగడానికి కారణాలు కొంతవరకు తెలిసినవే. మాంసానికి ఎరుపు రంగునిచ్చే హీమ్ ఇనుము, కలిపిన నైట్రైట్ పేగులో క్యాన్సర్‌కు దారితీయగల ఎన్-నైట్రోసో సమ్మేళనాలు ఏర్పడడానికి తోడ్పడతాయి. ఉప్పు సంగతి వేరే ఉంది. 100 గ్రాముల హామ్‌లో సోడియం తరచుగా 1,000 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే 5 గ్రాముల ఉప్పు. ఒక్క పదార్థంతోనే సగం కోటా అయిపోతుంది.

ప్యాకెట్ మీద 'నైట్రైట్ కలపలేదు' అని ఉన్నా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. సెలరీ పొడి గానీ సెలరీ రసం గానీ ఉంటే, అందులోని సహజ నైట్రేట్ నుంచి వచ్చేదీ అదే నైట్రైట్. నిల్వ మాంసం రుచి వదులుకోలేనివాళ్లు నెలలో ఒకటి రెండు సార్లకు, అది కూడా ఒక ముక్కకు పరిమితం చేసుకోవాలి. రోజువారీ తిండిలో దానికి చోటు లేదు.

2. భాగాన్ని చూసి ఎంచుకోండి

తరచుగా వండుకోవడానికి పనికొచ్చేవి టెండర్‌లాయిన్, వీపు వైపు ఉండే లాయిన్, దాని నుంచి కోసిన చాప్స్, వెనక తొడ. చాప్స్‌కు, తొడకు కొవ్వు ఎక్కువగా అంచున పట్టీలా అంటుకుని ఉంటుంది, కత్తితో తీసేయొచ్చు. ఇదే ఇక్కడి కీలకం. అంచున ఉన్న కొవ్వు తీయడం సులువు, కండలోకి అల్లుకున్న కొవ్వు తీయలేం. భుజం మాంసం ఈ రెండో రకం. రుచి దానిదే, కానీ అప్పుడప్పుడూ వండాల్సిన భాగం. పక్కటెముకలు, పొట్ట భాగం, తోలు అరుదుగా తినాల్సినవి.

సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్, కొలెస్ట్రాల్ పెంచే రకం) లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. రోజుకు 2,000 కేలరీలు తినేవాళ్లు సంతృప్త కొవ్వును మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు ఉంచుకోవాలంటే 22 గ్రాములు దాటకూడదు. పచ్చి పొట్ట మాంసం 100 గ్రాముల్లోనే దాదాపు 19 గ్రాములుంటుంది. అదే బరువు టెండర్‌లాయిన్‌లో ఒకటి, ఒకటిన్నర గ్రాములకు మించదు.

పంది కొవ్వు అంతా సంతృప్తమే అనుకోవడం పొరపాటు. కరిగించిన కొవ్వులో సుమారు 39 శాతం సంతృప్తం, 45 శాతం ఏక అసంతృప్తం, 11 శాతం బహుళ అసంతృప్తం. అయినా వంటకు మొక్కల నూనెల బదులు వాడదగినదేమీ కాదు. ఆ 39 శాతమే లెక్క తప్పిస్తుంది.

కీమా కొనేటప్పుడు జాగ్రత్త. ముందే కొట్టి పెట్టిన కీమాలో కొవ్వు ఎంత కలిసిందో కంటికి తెలియదు. తొడ ముక్క చూపించి, కొవ్వు తీయించి, మీ ఎదుటే కొట్టించుకోండి.

3. ఎంత తినాలి

వారం మొత్తంలో ఎర్ర మాంసం అన్నీ కలిపి, అంటే పంది, మేక, గొర్రె, గొడ్డు మాంసాలు కలిపి, వండిన బరువులో 350 నుంచి 500 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. అంటే సుమారు మూడు పూటలు. ఇది వండాక తూగే బరువని మరిచిపోకండి. వండేటప్పుడు నీరు, కొవ్వు పోయి బరువు పావు వంతుకు పైగా తగ్గుతుంది. 500 గ్రాముల వండిన మాంసానికి పచ్చిది 700 నుంచి 750 గ్రాములు కావాలి.

ఒక పూటకు ఒకరికి ఎముక లేని పచ్చి మాంసం 150 గ్రాములు లెక్క వేసుకోండి. ఉడికాక 100 నుంచి 110 గ్రాములవుతుంది. నలుగురికి 600 గ్రాములు. కిలో వండి, మిగిలింది కదా అని మళ్లీ వడ్డించుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. మిగిలిన 400 గ్రాములు వండకముందే డీప్ ఫ్రీజర్‌లోకి వెళ్లాలి.

ఈ మాత్రం మాంసంతో ఒంటికి దక్కేది తక్కువేమీ కాదు. థయమిన్, అంటే విటమిన్ బి1, పంది కండలో ఉన్నంతగా మిగతా మాంసాల్లో ఉండదు. వండిన 100 గ్రాముల టెండర్‌లాయిన్‌లో సుమారు 0.9 మిల్లీగ్రాములు ఉంటుంది, పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1.1 నుంచి 1.2 మిల్లీగ్రాములు. సెలీనియం, జింక్, బి12, బి6 కూడా అందుతాయి. ఇనుము మాత్రం పెద్దగా రాదు, 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము అటూఇటూ. రక్తహీనతకు మందని దీన్ని నమ్ముకోవద్దు. అలాగే, పంది మాంసంలో తప్ప మరెక్కడా దొరకని పోషకం ఏదీ లేదు. మతం వల్లనో, ఇష్టం లేకనో తిననివాళ్లు పోగొట్టుకునేదేమీ లేదు.

4. కొనేటప్పుడు చూడవలసినవి

పశువైద్య తనిఖీ జరిగిన మాంసమే కొనండి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతివే. కండ గులాబీ రంగుకూ లేత ఎరుపుకూ మధ్య ఉండాలి. కొవ్వు తెల్లగా, గట్టిగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పూడాలి. పుల్లని వాసన, జిగట ఉంటే వద్దు.

బాగా పాలిపోయి, మెత్తగా, చుట్టూ నీరు కారిన ముక్కలు కొన్నిసార్లు కనిపిస్తాయి. వధకు ముందు జంతువు బెదిరితే కండలో ఆమ్లత వేగంగా పెరిగి, మాంసం నీటిని పట్టి ఉంచలేకపోతుంది. అలాంటిది తింటే హాని లేదు, కానీ ఎంత జాగ్రత్తగా వండినా పొట్టులా ఎండిపోతుంది.

కండలో బియ్యపు గింజంత నుంచి సెంటీమీటరు దాకా తెల్లటి, నీరు నిండిన బుడగలు కనిపిస్తే అవి బద్దె పురుగు లార్వాలు. మొత్తం పారేయాలి. ఏరి పారేసి మిగతాది వండుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. కనిపించలేదంటే లేవనీ కాదు. సరిగా ఉడికించడమే అసలు రక్షణ.

ఇక్కడ తరచుగా తప్పుగా అర్థం చేసుకునే ఒక సంగతి చెప్పాలి. లార్వాలున్న మాంసం సరిగా ఉడక్కుండా తింటే పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు, వాటి వల్ల మూర్ఛ రావడం మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి వెళ్లడం వల్ల జరుగుతుంది. పురుగు ఉన్న మనిషి మలం నుంచి ఆ గుడ్లు చేతులకు, నీటికి, పచ్చి కూరలకు చేరతాయి. అందుకే మాంసం ముట్టని వాళ్లకు కూడా ఆ జబ్బు వస్తుంది. మాంసం బాగా ఉడికించడం ఎంత ముఖ్యమో, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడమూ అంతే ముఖ్యం.

5. నిల్వ, శుభ్రత

ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్, అంతకంటే తక్కువ ఉండాలి. కీమా, లివర్ ఒకటి రెండు రోజులు, పెద్ద ముక్కలు మూడు నుంచి ఐదు రోజులు ఆగుతాయి. రసం కింద పదార్థాల మీద కారకుండా మూత ఉన్న గిన్నెలో పెట్టి అడుగు అరలో ఉంచండి. గడ్డకట్టిన మాంసాన్ని ముందు రోజే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వాలి. వంటగది గట్టు మీద వదిలేస్తే లోపల మంచు ఉండగానే పైభాగంలో సూక్ష్మజీవులు పెరిగిపోతాయి.

పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడగొద్దు. చిందే నీటితో సింకు, గిన్నెలు, పక్కనున్న కూరగాయలు అన్నీ కలుషితమవుతాయి. తడి ఉంటే కాగితంతో అద్ది తీసేయండి. పచ్చి మాంసానికి ఒక పలక, కూరగాయలకు వేరే పలక వాడండి.

15 సెంటీమీటర్ల కన్నా పలచగా ఉన్న ముక్కలను మైనస్ 15 డిగ్రీల వద్ద 20 రోజులు ఉంచితే పెంపుడు పందిలో ఉండే ట్రైకినెల్లా పురుగు, అంటే కండరాల్లో చేరే సన్నటి పురుగు, చస్తుంది. బద్దె పురుగు లార్వాలు కూడా చస్తాయి. కానీ బ్యాక్టీరియా, కాలేయానికి సోకే హెపటైటిస్ ఇ వైరస్ చలికి చావవు. అడవి పందిలో ఉండే కొన్ని ట్రైకినెల్లా జాతులు గడ్డకట్టే చలినీ తట్టుకుంటాయి. కాబట్టి ఫ్రీజర్‌ను నమ్ముకుని వంటలో తొందరపడకూడదు.

6. వండడం

మాంసం థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. దీనంత ఉపయోగపడే వస్తువు మరొకటి లేదు. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో సవరించిన ప్రమాణం ప్రకారం ముక్కగా ఉన్న మాంసం లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్ చేరి, పొయ్యి దింపాక కనీసం మూడు నిమిషాలు ఆగాలి. కీమాకు 71 డిగ్రీలు కావాలి, ఎందుకంటే పైన ఉండే బ్యాక్టీరియా కొట్టేటప్పుడు లోపలంతా కలిసిపోతుంది. తనిఖీ సంగతి తెలియని మాంసమైనా, అడవి పంది మాంసమైనా ఎలా కోసినా 71 డిగ్రీలు దాటాల్సిందే. లివర్ కూడా మధ్య దాకా పూర్తిగా ఉడకాలి, హెపటైటిస్ ఇ ఎక్కువగా ఉండేది అందులోనే.

రంగును నమ్మొద్దు. 63 డిగ్రీల దగ్గర మధ్యలో లేత గులాబీ మిగలొచ్చు, కొన్ని ముక్కలు అంతకు ముందే తెల్లబడొచ్చు.

చాప్స్, టెండర్‌లాయిన్ వంటి కొవ్వు తక్కువ భాగాలకు:

అంచు కొవ్వు తీసి, తడి అద్ది, 500 గ్రాములకు 4 గ్రాముల ఉప్పు, అంటే టీస్పూన్‌కు కొంచెం తక్కువ, వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం పట్టించి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. నలుగురికి పంచితే తలకు ఒక గ్రాము ఉప్పు పడుతుంది. మందపాటి పెనం మధ్యస్థ సెగ మీద వేడెక్కాక రెండు టీస్పూన్ల నూనె వేసి, 2.5 సెంటీమీటర్ల మందం ముక్కలను ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాల్చండి. థర్మామీటర్‌ను పైనుంచి కాక పక్కనుంచి, ఎముకకు తగలకుండా, ముక్క మధ్యకు గుచ్చండి. 63 చూపగానే తీసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆపండి. అర కిలో టెండర్‌లాయిన్‌ను ఓవెన్‌లో అయితే 200 డిగ్రీల వద్ద 20 నుంచి 25 నిమిషాలు.

ఇక్కడ చెడేది ఒకటే విధంగా. భయంతో ఇంకో ఐదు నిమిషాలు ఉంచుతారు. 75 డిగ్రీలు దాటితే కండ ముడుచుకుని నీరు పిండేస్తుంది. ఎండిన మాంసాన్ని తడపడానికి తర్వాత వెన్నో, మీగడో, ఉప్పటి సాసో పోస్తారు. తక్కువ కొవ్వు భాగం ఎంచుకున్న ప్రయోజనం అక్కడే పోతుంది.

భుజం మాంసంతో కూరకు:

దీని సూత్రం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 63 డిగ్రీల దగ్గర అది సురక్షితమే కానీ రబ్బరులా ఉంటుంది. కండను పట్టి ఉంచే కొల్లాజెన్ కరగాలంటే 90 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉడకాలి. 600 గ్రాములను మూడు సెంటీమీటర్ల ముక్కలు కోసి, పైకొవ్వు తీసేసి, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లితో వేయించండి. విడిగా నూనె అక్కర్లేదు, మాంసంలోంచి దిగేది చాలు. ఒకటిన్నర కప్పు నీళ్లు పోసి ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పట్టాక చిన్న సెగ మీద 25 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అదే దిగేదాకా మూత తీయకండి.

తర్వాతి పని చాలామంది చేయరు, నిజానికి ఫలితం దానిలోనే ఉంది. రసాన్ని వేరే వెడల్పాటి గిన్నెలోకి వంచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్ని గంటల్లో కొవ్వు తెల్లటి పలకలా పైన గడ్డకడుతుంది. దాన్ని చెంచాతో ఎత్తి పారేయండి. అలా తీసిన ప్రతి టేబుల్‌స్పూన్‌తో దాదాపు 115 కేలరీలు, 5 గ్రాముల సంతృప్త కొవ్వు పోతాయి. మిగిలిన రసాన్ని మాంసంలో కలిపి మళ్లీ మరిగించి దగ్గరికి రానివ్వండి. కొవ్వు పోవాలని ముందుగా ఉడికించి, నీళ్లు మొత్తం పారబోసే పద్ధతి మంచిది కాదు. థయమిన్ నీటిలో కరుగుతుంది కాబట్టి ఆ నీళ్లతోనే పోతుంది. పారేయాల్సింది కొవ్వును, నీటిని కాదు.

నిప్పుల మీద కాల్చేటప్పుడు రెండు ఇబ్బందులు. మితిమీరిన వేడికి కండలో హెటిరోసైక్లిక్ అమైన్లు పుడతాయి. కొవ్వు నిప్పుల్లో కారి లేచిన పొగ నుంచి పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు మాంసానికి అంటుకుంటాయి. రెండూ క్యాన్సర్ ముప్పు ఉన్న రసాయనాలే. ముందే కొవ్వు తీసి, నిమ్మరసం, మూలికలతో ఊరబెట్టి, మంట నేరుగా తగలని చోట ఉంచి తరచుగా తిప్పితే ఇవి బాగా తగ్గుతాయి. మాడిన చోట్లు కోసి పారేయండి.

పొట్ట మాంసం తినాలనిపిస్తే 30, 40 గ్రాములు సన్నగా తరిగి, దాని కొవ్వులోనే కూరగాయలు వేయించండి. అప్పుడది కూరకు రుచినిస్తుంది, ఆ పూట ప్రొటీన్ మాత్రం పప్పు నుంచో గుడ్డు నుంచో రావాలి.

7. కంచంలో

సగం కంచం కూరగాయలు, పావు వంతు అన్నమో రొట్టో, మిగతా పావు మాంసం. మాంసంలో పీచు బొత్తిగా ఉండదు, పెద్దపేగుకు కావలసింది అదే. కాబట్టి కూరగాయల వాటా తగ్గించవద్దు.

అంతకన్నా ముఖ్యం, అది దేని బదులు వచ్చిందన్నది. సాసేజ్ మానేసి ఆ చోట లాయిన్ తింటే లాభమే. పప్పు, చేప మానేసి తింటే ఎంత పలచటి ముక్క అయినా లాభం లేదు.

8. ఎవరు ఎక్కువ జాగ్రత్త పడాలి

గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల నొప్పి) ఉన్నవాళ్లు లివర్, కిడ్నీ పూర్తిగా మానేసి, కండ కూడా తగ్గించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ పరిమితిని డాక్టర్‌తో తేల్చుకున్నాకే తినాలి. అధిక రక్తపోటు, అధిక కొలెస్ట్రాల్ ఉంటే నిల్వ మాంసం, పొట్ట భాగం రెండూ వద్దు. గర్భిణులు లివర్ తినకూడదు. వండిన పంది లివర్ 100 గ్రాముల్లో 5,000 మైక్రోగ్రాములకు పైగా విటమిన్ ఎ ఉంటుంది, రోజుకు దాటకూడని హద్దు 3,000. అంత విటమిన్ ఎ పిండానికి హానికరం. మాంసం తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు, కడుపునొప్పి వస్తూ ఉంటే, అంతకుముందు పిడుదు కుట్టి ఉంటే, ఆల్ఫా-గాల్ అలర్జీ (మాంసంలోని ఒక రకం చక్కెర పడకపోవడం) పరీక్ష అడగండి.

స్వైన్ ఫ్లూ గురించి భయం అక్కర్లేదు. అది సరిగా వండిన మాంసం తినడం వల్ల రాదు.

వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, గది 32 డిగ్రీలు దాటి ఉంటే గంటలోపే. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, వేడిచేసేటప్పుడు లోపల 74 డిగ్రీలు రావాలి. సరిగా ఉడకని మాంసం తిన్నామని తెలిశాక ఒకటి రెండు రోజుల్లో వాంతులు, విరేచనాలు మొదలైనా, తర్వాతి వారాల్లో జ్వరం, కళ్ల చుట్టూ వాపు, కండరాల నొప్పులు వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో స్పష్టంగా చెప్పండి. ట్రైకినెల్లా పురుగు కండరాల్లోకి చేరకముందు మొదలుపెట్టిన మందులే బాగా పనిచేస్తాయి.